మెట్ల అంచున ఇసుక

పూత మేస్త్రికి నోరూ బ్రష్షూ ఒకేసారి ఆడతాయి. ముప్పై ఏళ్లుగా జనాల ఇళ్లకి రంగులేస్తున్నాడు. పెళ్లీ పిల్లలూ లేరు. ఎవరైనా ఆరా తీస్తే, "మనది పూతే గాని కాత లేని చెట్టులెండి" అని తనే ముందు నవ్వేస్తాడు. ఆ నవ్వు వీధి చివరిదాకా వినిపిస్తుంది. లోకంలో తనవాళ్లంటూ అతనికి ఉన్నది ఒక్క అక్క, ఆమె కొడుకూ కోడలూ.

అక్క ఇల్లు చూసి నవ్వకుండా బయటికొచ్చినవాళ్లు లేరు. నీలం గోడలకి ఎర్ర తలుపులు. తెల్ల గచ్చు మీద నల్ల గుమ్మాలు. వంటింటి గట్టుకి నారింజ అంచు. మేడ మీదికెళ్లే పదకొండు మెట్లకీ అరచెయ్యి వెడల్పున ముదురు పసుపు పట్టీలు. "సర్కస్ ఎన్నింటికి మొదలవుతుందండీ?" అని పక్కింటివాళ్లడిగితే, "జోకర్ రాగానే! ఇదిగో, వచ్చేశాడుగా!" అని మేస్త్రి తన రొమ్మే చరుచుకునేవాడు. రంగులంటే తెలియని రంగులవాడని పేరు పడినా కిమ్మనలేదు.

ఎందుకంటే అవి సరదా కొద్దీ వేసినవి కావు. ఆరేళ్లుగా అక్కకి చూపు తగ్గిపోతోంది. ఇక నయం కాదని డాక్టరు తేల్చేశాడు. ఆమెకిప్పుడు లోకమంతా పలచటి పాలనీళ్లు. ఒక రంగు పక్కన దానికి బొత్తిగా పొసగని ఇంకో రంగు ఉంటేనే, గోడ ఇక్కడ అయిపోయింది, తలుపు ఇక్కడ మొదలైంది అని తెలుస్తుంది. ఈ సంగతి డాక్టరుకీ తమ్ముడికీ తప్ప మూడో మనిషికి తెలియదు. కన్నకొడుక్కి అసలే తెలియనివ్వలేదు.

కొడుకు చెడ్డవాడా అంటే కాదు. మరీ మంచివాడు, అదీ వచ్చిన చిక్కు. నాలుగేళ్ల కిందట తండ్రికి గుండెనొప్పి వచ్చి తగ్గితే, ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజునే మంచం ముందుగదిలో వేయించి, ఆయన చెప్పులు అటకెక్కించాడు. "నువ్వు కదలకు నాన్నా, నేనున్నాగా" అన్నాడు. ఆయన గ్లాసు కోసం చెయ్యి చాపితే అందించాడు, అందుకోబోతే తాగించాడు. ఊరంతా తిరిగే మనిషి ఏడు నెలల్లో తిరిగిరాని చోటికి పోయాడు.

అప్పుడే అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "నా కళ్ల సంగతి వాడికి తెలిసిన రోజున నేనూ ఆ మంచం ఎక్కినట్టే. బతికినన్నాళ్లూ నా ఇంట్లో నా కాళ్ల మీద నేను తిరగాలి రా. నోరు జారావో, నాకు తమ్ముడు లేడనుకుంటా."

అప్పట్నుంచీ ఎన్ని మాటలు వాగినా, ఆ ఒక్క మాట మాత్రం మేస్త్రి నోరు దాటలేదు.

ఇలా ఉండగా ట్రెండొచ్చి నెత్తిన పడింది. ఒక ఆదివారం కోడలు తన ఫోను తెచ్చి మేస్త్రి ముక్కు ముందు పెట్టింది. తెర మీద ఎవరిదో ఇల్లు. గోడలు బూడిదరంగు, తలుపులు బూడిదరంగు, మెట్లు బూడిదరంగు. సోఫాలో పడుకున్న పిల్లి కూడా అదే రంగు.

"ఇప్పుడందరూ ఇదే వేయిస్తున్నారు బాబాయ్ గారూ."

"అగ్గి పెట్టకుండానే ఇల్లంతా ఇంత బూడిదెలా అయిందమ్మా?"

"అబ్బా మామయ్యా, అది ట్రెండు," మేనల్లుడు నవ్వాడు.

"ట్రెండంటే రెండు రోజుల ముచ్చట రా. మూడోరోజుకి మొహం మొత్తుతుంది."

"మా ఆఫీసువాళ్లొచ్చి, రంగులరాట్నంలో కాపురం పెట్టావేంటి అన్నారు," కోడలు ఫోను వెనక్కి లాక్కుంది. "మీకు నవ్వులాటగానే ఉంటుంది. నేనీ ఇంటికొచ్చి అయిదేళ్లయింది. నాకు నచ్చిన గోడ ఒక్కటుందా ఇక్కడ?"

ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పు లేదు.

"మీరేమంటారు అత్తయ్యా?"

అక్క వంటింటి గట్టు అంచు పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు కనబడవన్న ఒక్క ముక్క అంటే చాలు, ఈ గొడవంతా ఆగిపోతుంది. దాంతోపాటు తన తిరుగుడూ ఆగిపోతుంది.

"ఇది నీ ఇల్లు కూడానమ్మా. వేయించుకో. కానీ వేసేది మాత్రం నా తమ్ముడే."

మర్నాడు కొడుకూ కోడలూ ఆఫీసుకెళ్లగానే తమ్ముడు మెట్ల మీద చతికిలబడ్డాడు.

"బెట్టు మాని ఒక్క మెట్టు దిగవే అక్కా. వాడికి చెప్పేద్దాం."

"మెట్లు నా అంతట నేను దిగాలనే కదరా ఈ పాట్లన్నీ! గోడలూ తలుపులూ చేత్తో తడిమి పోల్చుకుంటాలే. వరండాలకి జారకుండా ఇసుక కలిపి వేస్తావు చూడు, ఆ రంగు అంచులకి వెయ్యి. కంటికి ఒకే రంగు, కాలికి రెండు. ఎవడికి తెలుస్తుంది?"

మేస్త్రి సన్నటి ఇసుక జల్లించి బూడిదరంగులో కలిపాడు. ప్రతి మెట్టు అంచుకీ రెండు పూతలు వేశాడు. నాలుగు రోజులు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆమె వెనకే ఎక్కాడు, ముందే దిగాడు. పాదం కింద గరుకు తగిలితే మెట్టు అయిపోయినట్టు. తగలకపోతే నేల ఇంకా ఉన్నట్టు. అయిదోరోజుకి ఆమె తడిబట్టల బకెట్టుతో ఒక్కతే ఎక్కి, ఖాళీ బకెట్టుతో ఒక్కతే దిగింది.

"ఇంక నీ కాళ్లకి కళ్లజోడు చేయించాలే!" అన్నాడు తమ్ముడు. ఆమె కడుపుబ్బ నవ్వింది. ఆమె అలా నవ్వి చాలాకాలమైంది.

ఆ సాయంత్రం మేనల్లుడు మెట్టు మీద చెయ్యి రాసి చూశాడు. "అంచులు గరుగ్గా వచ్చాయేంటి మామయ్యా?"

"నాలుగు రోజులు తొక్కితే సర్దుకుంటుందిలేరా."

జారకుండా ఇసుక వేశానని చెప్పి ఉంటే సరిపోయేది. ప్రతి రంగులవాడూ చేసే పనే అది. అందులో రహస్యమేం లేదు. కానీ ఏళ్ల తరబడి దాచడం అలవాటైన నోరు, దాచనక్కర్లేనిదాన్ని కూడా దాచేసింది.

మేస్త్రి వేరే పని మీద మూడు రోజులు పక్క ఊరెళ్లాడు. రెండోరోజు ముందుగది గచ్చుకి పాలిష్ పట్టేవాడు వచ్చాడు. దుమ్ము పడదని అక్క మేడ మీద గదిలో తలుపేసుకుని కూర్చుంది. కింద మిషను రొద. కోడలు మెట్లకేసి చూసింది. బాబాయ్ గారికి చెయ్యి మందగించింది, మొహాన అంటే చిన్నబుచ్చుకుంటారు, ఆయన వచ్చేలోపు సరిచేయించేస్తే గుట్టుగా పోతుంది అనుకుంది. పదకొండు అంచులూ నున్నగా రుద్దించి, పైన వార్నిష్ కూడా కొట్టించింది. నిజంగా ఆయన పరువు కాపాడదామనే చేయించింది. గచ్చు ఆరేదాకా మేడ మీదే ఉండమని అత్తగారికి చెప్పింది గాని, మెట్ల మాట ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం వార్నిష్ ఆరింది. అక్క బకెట్టు పట్టుకుని గదిలోంచి వచ్చింది. పాదంతో తడిమింది. గరుకు తగల్లేదు. నేల ఇంకా ఉందనుకుంది. ధీమాగా అడుగేసింది.

పదకొండు మెట్లూ ఆ ఒక్క అడుగులోనే దిగింది.

తుంటి ఎముక విరిగింది. మేస్త్రి ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చేసరికి కోడలు గోడకి తల ఆనించి ఏడుస్తోంది. "నేనే రుద్దించాను బాబాయ్ గారూ."

"అసలు ఈయన సరిగ్గా వేసి ఉంటే నీకా పనెందుకు పడేది?" మేనల్లుడు అరిచాడు.

మేస్త్రి అక్కకేసి చూశాడు. దిండు మీద ఆమె తల అడ్డంగా, చాలా కొద్దిగా, కదిలింది.

"నిజమేరా," అన్నాడు. "నా పనే బాగోలేదు."

అప్పుడే నర్సు వచ్చి మాత్ర అందించబోయింది. అక్క చెయ్యి మాత్రని దాటిపోయి గాలిలో వెతికింది. మళ్లీ వెతికింది. నర్సు ఆమె కళ్ల ముందు వేళ్లు ఆడించి, "ఈవిడకి కనబడదని ముందే చెప్పొద్దా అండీ?" అని కసిరింది.

మేనల్లుడు మెల్లగా మేనమామ వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఆరేళ్లు."

"ఒక్క మాట చెప్పుంటే ఈ బూడిద జోలికి పోయేవాళ్లమా మామయ్యా? ఇల్లంతా పసుపే పూయించేవాణ్ని కదా!"

"పూయించి?"

"పూయించి... అమ్మని ఆ మెట్ల దరిదాపులకి రానిచ్చేవాణ్నే కాదు."

ఆ మాటలో తప్పేముందో అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడం మేస్త్రికి చేతకాలేదు.

నెల తిరిగాక అక్కని ఇంటికి తెచ్చారు. ముందుగదిలో మంచం వేశారు. రోజూ నాలుగడుగులు వేయించమని డాక్టరు ఇచ్చిన పట్టుకుని నడిచే స్టాండు, పైనున్న ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా, తలుపు వెనక ఉంది. మేస్త్రి వెళ్లేసరికి మేనల్లుడు ఆఫీసుకి సెలవు పెట్టి, మంచం పక్కన స్టూలేసుకుని, గిన్నెలో అన్నం మెత్తగా కలిపి స్పూనుతో తల్లికి తినిపిస్తున్నాడు.

"అక్క చేతులకేమైంది రా?"

"ఏం కాలేదు. ఎందుకు మామయ్యా ఆవిడకి శ్రమ? నేనున్నాగా."

మేస్త్రి అక్క దగ్గరికి వంగాడు. "లేవే. నేను పట్టుకుంటా. గుమ్మందాకా వెళ్లొద్దాం."

"ఊరుకోరా తమ్ముడూ," అంది ఆమె, అతనున్న వైపు కాకుండా ఇంకోవైపు చూస్తూ. "వాడికి తృప్తిగా ఉండనీ."

అని, స్పూను ఇంకా గిన్నెలో ఉండగానే, నోరు తెరిచింది.