ఇస్త్రీపెట్టె చల్లారేదాకా

ముప్పై ఏళ్ళ పైచిలుకు కటింగ్ మాస్టరుగా చేశాను. పనివేళలో కన్ను మూసిన పాపాన పోలేదు. పొద్దున కత్తెర పట్టానంటే దీపాలు పెట్టే వేళకే దింపడం. మధ్యలో కూర్చోవడమన్నది నా ఒంటికి తెలియదు. ఒకసారి నా వేగం చూసి గోడగడియారం ఆయాసపడి ఆగిపోయిందనీ, బాగుచేయడానికి వచ్చినవాడు "దీనికి జబ్బేం లేదు, ఆయన పక్కనుంచి మార్చండి చాలు" అన్నాడనీ మా వీధిలో చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే అనుకోండి.

ఈ గొప్పలు మా కోడలు కాపురానికి వచ్చిన దగ్గరనుంచీ వింటోంది. వినడంతో ఆగక నమ్మింది కూడా. కొంప మునిగింది అక్కడే.

నా చూపు మందగించాక కుట్టు దుకాణం తనే చేతిలోకి తీసుకుంది. మావాడికి సూదిలో దారం ఎక్కించమంటే చెమటలు పడతాయి, వాడు బస్సు నడుపుకుంటాడు. కోడలిది మాత్రం పనిమంతురాలి చెయ్యి. ఆ మధ్య పెద్ద కుట్టు ఫ్యాక్టరీలో చేస్తున్న అక్కాచెల్లెళ్ళను ఇద్దరిని మాన్పించి మా దుకాణానికి తెచ్చుకుంది. అక్కకు నేను పెట్టిన పేరు గాలివాన. ఆవిడ మిషను తొక్కితే పైకప్పు రేకులు లేచిపోతాయేమోనని భయం. చెల్లెలు నోట్లోంచి మాట రావడమే అపురూపం. మళ్ళీ ఆ ఫ్యాక్టరీ గడప తొక్కే పని రానివ్వనని కోడలు ఇద్దరికీ మాటిచ్చింది.

ఆ మాట నిలబడాలంటే ఆస్పత్రి వాళ్ళ పని నిలబడాలి. నర్సుల కోట్లు శనివారం పొద్దునకల్లా అందాలి. నచ్చితే ఇకముందు ఆస్పత్రి బట్టలన్నీ మాకే. నచ్చకపోతే ఫ్యాక్టరీకి. ఆ వెనకే అక్కాచెల్లెళ్ళూ.

కోడలు నడుం బిగించింది. నిలబడే తినేది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూనే కొలతలు గీసేది. కూర్చోబుద్ధవుతుందని తన స్టూలును వసారాలో పారేసింది. కాస్త నడుం వాల్చమని నేను అనబోతే, "అప్పట్లో మీరు వాల్చారా మావయ్యా?" అనేది. నేను మీసం దువ్వుకుని ఊరుకునేవాణ్ణి.

బుధవారం మధ్యాహ్నం, భోజనాలైన వెంటనే, కోటు చేతులు కోయడానికి దిగింది. కుట్టుపని తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. గుడ్డను పొరలు పొరలుగా పరిచి, మీద కాగితపు అచ్చు పెట్టి, అన్ని పొరలూ ఒకేసారి కోస్తాం. ముందు ఎడమ చేతులు. తర్వాత అచ్చును బోర్లా తిప్పి, వేరే దొంతరలో కుడి చేతులు. ఆ కోటు గుడ్డకు ఒకవైపే నిగనిగ, రెండోవైపు గరుకు. కాబట్టి కోసిన ముక్కను తిరగేసి సర్దుకుందామంటే కుదరదు. కళ్ళు మూతలు పడుతున్నాయి, చెవిలో ఫోను. కోడలు అచ్చు తిప్పడం మరిచిపోయి దొంతరంతా కోసేసింది.

కాసేపటికి గాలివాన మిషను ఆగింది. ఆ నిశ్శబ్దానికి ఏం కొంప మునిగిందోనని ఎదురింటివాళ్ళు తలుపు తీసి చూశారు. గాలివాన రెండు ముక్కలు పట్టుకుని వచ్చింది.

"మాస్టరుగారూ, ఈ నర్సులందరికీ రెండూ ఎడమచేతులేనా?"

ఎవరూ నవ్వలేదు. కోడలు ముక్కలన్నీ తిరగేసి చూసి గోడకు ఆనుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాలర్లకూ జేబులకూ దాచిన గుడ్డలోంచి కుడి చేతులు తీస్తాననీ, చెడిన ముక్కల్లోంచి కాలర్లూ జేబులూ తీస్తాననీ అప్పటికప్పుడే లెక్క చెప్పింది. బుర్రంటే అదీ. కాకపోతే ఈసారి తప్పితే ఇక గుడ్డ లేదు. ఆ సంగతి తెలిసీ వెంటనే కత్తెర అందుకుంది. కళ్ళు ఇంకా మూతలు పడుతూనే ఉన్నాయి.

నేను బల్ల మీద చెయ్యి అడ్డం పెట్టాను. "ఇప్పుడొద్దు తల్లీ. కాసేపు పడుకో."

"ముప్పై ఏళ్ళు కన్ను మూయని మనిషి చెప్పే మాటేనా ఇది? చెయ్యి తీయండి మావయ్యా."

ఇక మీసం దువ్వుకుంటే లాభం లేదు. బల్ల కింద తెర ఎత్తి చూడమన్నాను. ఎత్తింది. గోడవారగా చాప, దాని మీద చుట్టచుట్టిన అస్తరు గుడ్డ, ఆ చుట్ట మధ్యలో తలకాయంత గుంట.

"ఆ గుంట ఎవరి తలదనుకున్నావు?"

"ఎలక పడుకుంటోందేమో అనుకున్నా," అంది గాలివాన.

"ఎలకకు అంత తల ఎక్కడిదే. అది నాదే. రోజూ మధ్యాహ్నం అక్కడే పడుకునేవాణ్ణి."

మా గురువు పెట్టిన పద్ధతంతా అప్పుడు చెప్పాను. కోత ఎప్పుడూ పొద్దున పూటే, చెయ్యి తాజాగా ఉండగా. కత్తెర పిడికి ఎర్రగుడ్డ పేలిక కట్టి ఉంటే కోసేవాడితో ఎవరూ మాట్లాడకూడదు, ఇల్లంటుకున్నా సరే, సైగ చేసి పారిపోవాలి. ఒక దొంతర కాగానే గుమ్మంలోకి వెళ్ళి, వీధి చివర ఏది కనిపిస్తే దాన్ని కాసేపు చూసి, మెడ తిప్పుకుని రావాలి. భోజనమయ్యాక బొగ్గుల ఇస్త్రీపెట్టెలోంచి నిప్పులు దులిపి పక్కన పెట్టి, అది చల్లారేదాకా నిద్ర. అంతకు మించితే తల తడిసిన తానులా బరువెక్కుతుందనేవాడు. లేచాక గుండీలూ కాజాలూ, చెయ్యి తనంతట తాను చేసుకుపోయే పని.

కోడలు వంగి ఆ గుంటలో చెయ్యి పెట్టి చూసింది. "ఇన్నేళ్ళూ మీరు కన్ను మూయలేదన్న మాటతో పోటీపడి నిలబడ్డాను మావయ్యా."

"తెలుసమ్మా. కుట్టు వంకర పోతే విప్పమూ? విప్పేస్తున్నా."

 కోడలు ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి నా ముందు పెట్టింది. ఆలస్యంగా లేపారో మీ సంగతి చెబుతానని వేలు చూపించి తెర కిందికి దూరింది. నేను పెట్టె మీద అరచెయ్యి ఆడిస్తూ, రెప్ప వేయకుండా కాపలా కాశాను. గోరువెచ్చన కాగానే కాలు తట్టి లేపాను.

లేచి ముఖం కడుక్కొచ్చి కత్తెర వైపు చూసింది. కళ్ళు ఇప్పుడు తేటగా ఉన్నాయి. అయినా కత్తెరను తీసి మేకుకు తగిలించింది.

"కోత రేపు పొద్దున. ఇవాళ గుండీలు."

శనివారం ఎంతో దూరం లేదని గాలివాన గొణిగింది. దూరం లేదు కాబట్టే ఇంకోసారి తప్పు చేయలేనని కోడలు చెప్పింది. ఫోనును గుండీల డబ్బాలో పడేసి మూతపెట్టింది. కాజాలు కుట్టారు, దారప్పోగులు కత్తిరించారు. దీపాలు పెట్టే వేళకు దుకాణానికి తాళం వేసి, అందరినీ ఇళ్ళకు పొమ్మంది. దారి పొడుగునా ఆ తాళంచెవిని పిడికిట్లో బిగించి పట్టుకునే ఉంది.

తెల్లారి కత్తెరకు ఎర్ర పేలిక కట్టింది. గుడ్డ పరిచింది. అచ్చు బోర్లా తిప్పి, తన కుడిచేతికి ఆనించి చూసుకుని, సుద్దతో గీసి, అప్పుడు కోసింది. మేం ముగ్గురం గోడకు కరుచుకుని నిలబడ్డాం. గాలివానకు తుమ్మొస్తే చెల్లెలు ఆవిడ ముక్కు పట్టుకుని వసారాలోకి లాక్కుపోయింది.

శనివారం పెద్ద నర్సమ్మ ఒక కోటు తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తింది, ముందుకు చాపింది, వెనక్కి తిప్పింది. జేబులో చెయ్యి పెట్టుకుని, రాత్రి డ్యూటీ వాళ్ళకు కుట్టాల్సినవి ఎప్పుడిస్తారని అడిగింది. పని మాకే నిలబడింది.

ఆ మధ్యాహ్నం గాలివాన చెల్లెలు మిగిలిన ముక్కలన్నీ ఏరి తన స్టూలుకు మెత్త కుట్టుకుంది. వెళ్ళిపోవాలనుకునేవాళ్ళెవరూ మెత్త కుట్టుకోరు. కోడలు అది చూసి, వసారాలోంచి తన స్టూలు కూడా తెచ్చి ఆమె ముందు పెట్టింది.

ఇదంతా జరిగింది జరిగినట్టే రాశాను. గడియారం సంగతి మీరెలాగూ నమ్మలేదు గనుక లెక్కలోకి రాదు. పోతే, రెప్ప వేయకుండా కాపలా కాశానన్నానే, అదొక్కటి నా కల్పన. గాలివానే వచ్చి మామాకోడళ్ళ కాళ్ళు రెండూ తట్టి లేపింది. పెట్టె అప్పటికి మంచులా ఉందట.