నొప్పి తూకం

డాక్టర్ జ్ఞానాంబ పొద్దున ఎనిమిదింటికి వార్డులోకి రాగానే ముందు మంచాల కాళ్లు చూసేది. తిరుపతిలో ఆమె పిల్లల రక్తజబ్బుల వార్డు మొదలుపెట్టి అప్పటికి నాలుగేళ్లు. రక్తంలో కణాలు కొడవళ్లలా వంగి, సన్నటి రక్తనాళాల్లో చిక్కుకునే జబ్బున్న పిల్లలు అక్కడ ఎప్పుడూ పదిమందికి తక్కువ ఉండరు. నొప్పి వస్తే ఆ పిల్లలు బరువెక్కుతారు. ఎంత నొప్పికి అంత బరువు. చెక్క మంచాలు విరుగుతున్నాయని ఇనుపవి వేయించారు. చిత్తూరు బెల్లం మండీలో వాడేసిన కాటా ఒకటి తెచ్చి వాకిట్లో పెట్టారు. అటెండరు కుప్పయ్య పిల్లల్ని తూచి చీటీ రాసిస్తే, అది చూసి జ్ఞానాంబ మందు రాసేది.

ఎనభై నాలుగు మార్గశిరంలో, చలి ముదిరిన ఒక సోమవారం, నగరిలో మగ్గం నేసే ధనంజయ కూతురిని తీసుకుని వచ్చాడు. వెనకాలే భార్య వనజాక్షి, చంకలో పదినెలల మగబిడ్డ.

"బడి ఎగ్గొట్టేదానికి ఏషాలు మేడమ్," అన్నాడు ధనంజయ. "కాలు నొప్పంటాది, చెయ్యి నొప్పంటాది. సూస్తే యాడా దెబ్బ లేదు. అయివారు కొట్టినాడు, నేనూ కొట్టినాను. అయినా మారలా."

తొమ్మిదేళ్ల మునిలక్ష్మి గేటు నుంచి నడిచొచ్చిన దారిలో అడుగులు మట్టిలోకి లోతుగా దిగి ఉన్నాయి.

"పాపను ఎత్తుకుని ఎన్నాళ్లయింది?"

"ఇంత పిల్లను ఎత్తుకునేదేంది మేడమ్?"

"ఇప్పుడు ఎత్తి కాటా మీద పెట్టు."

ధనంజయ వంగి కూతురి చంకల కింద చేతులు వేశాడు. పిల్ల కదల్లేదు. మళ్లీ పట్టాడు, మెడనరాలు ఉబ్బాయి. చివరికి కుప్పయ్య కూడా ఒక చెయ్యి వేయాల్సి వచ్చింది. పందొమ్మిది కిలోలుండాల్సిన పిల్ల డెబ్బై రెండు తూగింది.

"ఎన్నాళ్ల నుంచి నొప్పి?" అంది జ్ఞానాంబ.

"రెండేండ్లు," అంది మునిలక్ష్మి.

ధనంజయ కాటా వైపు చూస్తూ నిలబడిపోయాడు. పిల్లకు సెలైను పెట్టి, ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ హడావిడిలో వనజాక్షి చంటివాడిని బెంచీ మీద పడుకోబెట్టి కొంగుతో మొహం తుడుచుకోబోయింది. బెంచీ కాలు ఫట్టుమని విరిగింది. పక్కన కూర్చున్నామె బిడ్డను జారకుండా పట్టుకుంది.

జ్ఞానాంబ తల తిప్పింది. "ఈ బిడ్డ ఏడవడా?"

"బంగారు తండ్రమ్మా. నిన్నట్నుంచి నిద్రపోతానే ఉండాడు. నాకే సత్తువ తగ్గిపోయినాది. ఎత్తుకుంటే నడుం ఇరిగిపోతాది. కాన్పు నీరసం ఇంకా పోలేదేమో అనుకుంటి."

జ్ఞానాంబ బిడ్డ కనురెప్ప కిందికి లాగింది. లోపల ఎరుపే లేదు. కడుపు తడిమితే ఎడమవైపు ప్లీహం బొడ్డు దాకా గట్టిగా తగిలింది. ఒంట్లో రక్తమంతా అక్కడికి చేరి నిలిచిపోయింది. ఇంకో పూట గడిస్తే తూచే పని ఉండేది కాదని ఆమె పైకి అనలేదు.

"నా రత్తం తీసుకోండి మేడమ్," ధనంజయ చొక్కా చెయ్యి మడిచాడు.

"మీ ఇద్దరి రక్తంలోనూ ఈ జబ్బు సగం ఉంటుంది. ఆ రెండు సగాలూ కలిసే పిల్లలకు వచ్చింది. మీది పనికిరాదు."

కుప్పయ్య రక్తం కుదిరింది. ఇచ్చి, కాఫీ తాగి, మళ్లీ కాటా దగ్గరికి పోయాడు.

ఏడోరోజు ఇంటికి పంపించారు. నీళ్లు బాగా తాగించాలి, చలిలో తిప్పకూడదు, జ్వరం తగిలితే వచ్చిన బస్సెక్కేయాలి. ధనంజయ అన్నీ మళ్లీ ఒకసారి తనే చెప్పి సరిచూసుకున్నాడు.

"బడికి పంపండి. అయివారికి నేను చీటీ రాసిస్తాను," అంది జ్ఞానాంబ.

"వద్దు మేడమ్. నేనే పోయి సెప్తా."

వనజాక్షి అలవాటుగా కాళ్లు ఎడంగా నిలదొక్కుకుని, బలమంతా కూడగట్టి బిడ్డను ఎత్తింది. బిడ్డ ఒక్క ఊపున ఆమె తలపైకి లేచిపోయి కిలకిలా నవ్వాడు. ఆమె నవ్వలేదు. వాణ్ణి మొగుడి చేతికిచ్చి, అక్కడే నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. కుప్పయ్య ఆమెను కాసేపు ఏడవనిచ్చి, తర్వాతి బిడ్డ పేరు పిలిచాడు.