పునాది గోతిలో ఖడ్గమృగం

మా అక్క ఓపల్‌కి అరవై దాటాక పెళ్లయింది. అదే మొదటి పెళ్లి. ఆ పెళ్లి కుదిర్చింది ఒక ఖడ్గమృగం అంటే టెనెస్సీలోని మా ఊరు హికరీ గ్యాప్‌లో ఎవరూ ఆశ్చర్యపోరు. మా చర్చి సంఘంలో సగంమంది దాన్ని తమ చేతులతో తవ్వినవాళ్లే మరి.

అక్క మా జిల్లా హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయింది. ఆదివారాలు మా బాప్టిస్టు చర్చిలో పెద్దవాళ్లకు బైబిల్ క్లాసు కూడా తనే చెప్పేది. వారమంతా స్కూల్లో జీవులు ఒకదాన్నించి ఒకటి ఎలా మారుతూ వచ్చాయో బోర్డు మీద గీసి చూపించేది. ఆదివారం పొద్దున సమస్తాన్నీ చేసింది దేవుడేనని చెప్పి కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. ఈ రెండిటి మధ్యా తనకి ఎన్నడూ గొడవ రాలేదు. గొడవంతా వినేవాళ్లకే. వాళ్లలో మొదటి వరసలో కూర్చునేవాడు బ్రదర్ హార్లన్ స్టైల్స్.

హార్లన్ పంపులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా చేశాడు. ఎదిగిన కూతురొకతె ఉంది. భార్య డోర్కస్ జబ్బు చేసి పోయాక, ఆవిడ పుట్టిన ఊరని మా ఊరొచ్చి స్థిరపడ్డాడు. పొడుగు మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ చెక్కిన పెన్సిలు ఉండేది. భూమికి ఆరువేల ఏళ్లేనని పట్టుబట్టే రకం కాదు. ఇంటెలిజెంట్ డిజైన్ అనే మాట మా ఊళ్లో మొదట విన్నది అతని నోటే. ప్రాణుల్లో ఇంత పనితనం ఉందంటే తెలివైనవాడెవడో కూర్చుని గీసే ఉండాలని అతని వాదన.

"గుండె అంటే పంపే కదా సిస్టర్ ఓపల్. గీసినవాడు లేకుండా పంపు వస్తుందా?" అనేవాడు.

"చేప గుండెకి రెండు గదులు, కప్పకి మూడు, మనకి నాలుగు. మీ కంపెనీలో ప్రతి పంపూ మొదట్నించీ గీసేవారా, పాతదాన్నే మార్చేవారా?"

"పాతదాన్నే మార్చేవాళ్లం. అయితే మార్చినవాడికి జీతమిచ్చేవాళ్లండీ. దానంతటది మారిపోయిన పంపుని నేనైతే చూళ్లేదు."

క్లాసంతా నవ్వేది. అక్క కూడా నవ్వేది. కొంతకాలం బాగానే సాగింది. తరవాత నవ్వులు తగ్గి పార్టీలు ఏర్పడ్డాయి. హార్లన్‌కి రాని కోపం అతని పక్కన కూర్చున్నవాళ్లకొచ్చింది. ఒక ఆదివారం ఎవరో అక్కని ముఖం మీదే అడిగారు, నీకు అసలు రక్షణ ఉందా, నువ్వు నిజమైన విశ్వాసివేనా అని. అక్క చాక్‌పీసు కింద పెట్టేసింది.

"మీరు దేవుడి గురించి వినడం మానేసి నన్ను తూచడం మొదలెట్టారు. ఇంక నేను పసిపిల్లల గదిలో ఉంటాను. వాళ్లు నా మీద కక్కినా ఫరవాలేదు" అని వెళ్లిపోయింది.

అలా ఏడాది పైగా గడిచింది. క్లాసు ఇంకెవరో చెప్పేవారు. హార్లన్ వచ్చి, మొదటి వరసలో కూర్చుని, ఒక్క ప్రశ్నా అడక్కుండా ఇంటికెళ్లిపోయేవాడు.

ఆ వసంతంలో చర్చి వెనక భోజనాల హాలు కట్టాలని పునాదులు మొదలుపెట్టాం. ప్లాను గీసింది హార్లన్. యంత్రంతో తవ్వేది బ్రదర్ ఆల్విస్. ఎర్రమట్టి కింద నల్లటి బంకమట్టి తగిలింది, అందులోంచి ఎముకలు బయటపడ్డాయి. ఆల్విస్ యంత్రం ఆపి, ఏదో ఆవు అయుంటుందిలే అన్నాడు. నేను వెళ్లి అక్కని పిలుచుకొచ్చాను. బిస్కెట్లకి పిండి కలుపుతున్నదల్లా ఆ పిండి చేతులతోనే వచ్చింది. గోతిలోకి దిగి, అరచేతిలో సగముండే పన్నొకటి తీసి, మట్టి తుడిచి, అక్కడే కూలబడిపోయింది.

"ఏమైందక్కా?"

"నెల్, ఇది ఆవు కాదే. ఖడ్గమృగం."

"టెనెస్సీలోనా?" అన్నాడు ఆల్విస్ పైనించి. "ఎవరి జూలోంచి తప్పించుకుందో?"

అక్క వినిపించుకోలేదు. పన్నుని రెండు చేతుల్లో పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. జన్మంతా పుస్తకాల్లో బొమ్మలు చూపించి పాఠం చెప్పిన మనిషికి ఆ బొమ్మ తన చర్చి పెరట్లోనే లేచి ఎదురొచ్చింది.

యూనివర్సిటీ నుంచి డాక్టర్ ఇంగ్రిడ్ హోల్మ్ అనే ఆవిడ వచ్చింది. బురద బూట్లు, తక్కువ మాటలు. ఒకప్పుడు అక్కడ చెరువుండేదని, ఆ జంతువు చచ్చిపోయి దాదాపు యాభై లక్షల ఏళ్లయిందని చెప్పింది. వేసవి పూర్తయ్యేదాకా తవ్వుకోనిస్తారా అని అడిగింది.

బుధవారం ప్రార్థన అయ్యాక పాస్టర్ కాంట్రెల్ గారు విషయం సంఘం ముందు పెట్టారు. ఆల్విస్ ముందు లేచాడు.

"నోవహు కాలం నాటి జలప్రళయంలో మునిగిన జంతువది. దానికి యాభై లక్షలని పేరు పెట్టి, మన స్థలంలోనే మన పిల్లల మనసు పాడుచేస్తారు. పూడ్చేసి హాలు కట్టుకుందాం."

చాలా తలలు ఊగాయి. తరవాత హార్లన్ లేచాడు. ప్లాను అతనిది, పైగా అక్కతో వాదించిన మనిషి. ఇక తేలిపోయిందనుకుని అక్క తన సంచీ సర్దుకుంది.

"ఆ హాలు నేను గీశాను. త్వరగా కట్టాలని నాకంటే ఎక్కువ ఎవరికీ లేదు" అన్నాడు హార్లన్. "కానీ ఆ జంతువుని చేసింది దేవుడేనని నేనూ అంటాను, ఆల్విసూ అంటాడు, సిస్టర్ ఓపలూ అంటుంది. ఎలా చేశాడన్నదే మా తగువు. ఆయన చేతిపని బయటపడితే చూడకుండా మట్టి కప్పేస్తామా? చూస్తే పోయే విశ్వాసమైతే అది ఉన్నట్టా? హాలు ఇంకో పక్కకి జరుపుతాను. కొత్త ప్లాను గీస్తాను."

కూర్చున్నాడు. అక్క సంచీ కిందపెట్టి అతనివైపు తిరిగి చూసింది. చేతులెత్తమంటే తవ్వకానికే ఎక్కువ లేచాయి.

మర్నాడు అందరికంటే ముందు గోతి దగ్గర కనిపించింది ఆల్విస్.

"వద్దన్నావుగా?" అన్నాన్నేను.

"ఇప్పుడూ వద్దనే అంటున్నా. తవ్వేదేదో సరిగ్గా తవ్వాలి కదా. ఆ డాక్టరమ్మ పార పట్టుకునే తీరు చూశావా?"

ఆ వేసవంతా మా చర్చి పెరడు తిరునాళ్లలా ఉండేది. కొందరు బ్రష్షులతో మట్టి దులిపేవాళ్లు, కొందరు జల్లెళ్లలో బురద కడిగేవాళ్లు. వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె, బీన్సు కూర, తీపి ఐస్ టీ చెట్టు కింద బల్లల మీదికి వచ్చేవి. తినేముందు ప్రార్థన. దేవుణ్ణి నమ్మని డాక్టర్ హోల్మ్ కూడా చెంచా కింద పెట్టి మర్యాదగా తల వంచేది. ఒకరోజు పాస్టర్ గారి ప్రార్థన మరీ సాగితే, "మీ దేవుడికి వినే ఓపిక బాగా ఉన్నట్టుందే" అని నా చెవిలో గొణిగింది. నాకు నవ్వాగక దగ్గు నటించాల్సొచ్చింది.

పుర్రెకి డాక్టర్ హోల్మ్ ప్లాస్టర్ పట్టీలు చుట్టింది. అది పగలకుండా పైకి లేపడానికి హార్లన్ మూడు దుంగలు కట్టి గొలుసు బిగించే ఏర్పాటు చేశాడు. దాన్ని సరిచేస్తూ ఒక మధ్యాహ్నం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నడుం పట్టేసింది. నెమ్మదిగా గోతిలోనే వెల్లకిలా పడుకోబెట్టాం. కాసేపు కదలొద్దని, మిగతావాళ్లని టీకి పంపించింది అక్క. నేను పక్కనే జల్లెడ కడుగుతున్నాను.

"ఎలా ఉంది బ్రదర్ హార్లన్?"

"అడక్కండి."

"ఒక్కటే అడుగుతాను. ఈ నడుముని గీసిన ఇంజనీరుని మీ కంపెనీలో ఉంచుకునేవారా?"

హార్లన్ నవ్వబోయి మూలిగాడు. "పడిపోయిన మనిషిని కొడతారా సిస్టర్?"

"నాలుగు కాళ్ల మీద నడిచిన వెన్నెముకని నిలబెట్టి వాడుకుంటున్నాం. కొంచెం ఇబ్బంది పెడుతుంది మరి."

"సరే, మీ లెక్కే అనుకుందాం. అన్ని లక్షల ఏళ్లు దేనికండీ? నేనైతే ఏ పంపుకీ అంత టైము తీసుకోలేదు. అంతకాలం దేవుడు ఏం చేస్తున్నట్టు? దండగ కాదూ?"

అక్క ఆ పొద్దున బయటపడిన కాలి ఎముకని తెచ్చి, అతని వేళ్లు దాని మధ్యలో ఉన్న బొడిపె మీద పెట్టింది.

"ఇది విరిగింది. తరవాత అతుక్కుంది. అంటే కుంటుతూ చాలాకాలమే బతికింది. ఈ చెరువు గట్టునే నీళ్లు తాగుంటుంది."

హార్లన్ ఆ బొడిపెని తడిమాడు. "దీన్ని చూడ్డానికి అప్పుడు మనిషన్నవాడు లేడు."

"లేడు. దేవుడున్నాడు. మనం వచ్చి స్తోత్రం చెప్పేదాకా ఆయనకి పొద్దుపోలేదనుకుంటున్నారా? ఈ కుంటిదాన్ని చూసుకుంటూ ఉన్నాడు. ఆయనకి దాని మీద ముచ్చట ఉంది. నా మట్టుకు అది దండగ కాదు హార్లన్."

ఈసారి అక్క బ్రదర్ అనలేదు. అతనూ గమనించాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"డోర్కస్‌ని చంపిన ఆ క్యాన్సర్ గడ్డ కూడా ఎవరో గీసిందే అయుండాలి కదా, నా లెక్క ప్రకారం. గుండె గీశాడంటే అదీ గీశాడనాలి. ఏ పుస్తకంలోనూ దీనికి నాకు జవాబు దొరకలేదు. మీ క్లాసులో అంత గట్టిగా వాదించింది అందుకేనేమో."

నేను జల్లెడ కడగడం ఆపేశాను.

"నా దగ్గరా జవాబు లేదు" అంది అక్క. "కానీ ఆయన కూర్చుని ఆ గడ్డని గీశాడని నేను నమ్మను. నీకూ ఒక కూతురుంది కదా. అది వేసే ప్రతి అడుగూ నువ్వే గీసిచ్చావా?"

"అలా గీస్తే అది నా కూతురెందుకవుతుంది, నా పంపు అవుతుంది."

"లోకాన్నీ అలాగే పెరగనిచ్చాడనుకుంటాను. ఆ పెరగడంలో గుండే వచ్చింది, గడ్డా వచ్చింది. పెరగనిచ్చాడు గానీ వదిలేసి పోలేదు. డోర్కస్ మంచం పక్కన నువ్వొక్కడివే లేవు."

హార్లన్ కళ్లు తుడుచుకున్నాడు. బురద చెయ్యి కావడంతో ముఖమంతా నల్లగా అయింది. అక్క తలకి కట్టుకున్న పెద్ద రుమాలు విప్పి తుడిచింది.

"గీసినవాడొకడున్నాడన్న మాట మాత్రం నేను వదలను ఓపల్."

"వదలమని ఎవరన్నారు? నేనూ వదల్లేదు. నీ గీసేవాడు పెన్సిలు పట్టుకున్నాడంటావు, నావాడు విత్తనం వేశాడంటాను."

"ఇంకో మాట. ఇది మోకాళ్ల మీద అడగాల్సింది. లేవలేను కనక పడుకునే అడుగుతాను."

"ఏంటది?"

"ఈ తగువు మనింట్లో పెట్టుకుందామా? రోజూ?"

అక్క నావైపు చూసింది. నేను జల్లెడలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

"నేనేం మారను, ముందే చెప్తున్నా" అంది.

"నువ్వు మారితే నాకు వాదించడానికెవరుంటారు?"

"అయితే ముందు లే. గోతిలో పడుకున్న మొగుణ్ణి చేసుకున్నానని ఊరంతా చెప్పుకుంటారు."

గట్టు మీద ఎవరో పెద్దగా స్తోత్రం అన్నారు. చూస్తే ఆల్విస్, చేతిలో రెండు టీ గ్లాసులతో. ఎప్పట్నించి నిలబడ్డాడో, గ్లాసుల్లో ఐసు మాత్రం కరిగిపోయింది.

సెప్టెంబరు చివర, పుర్రె క్షేమంగా పైకి వచ్చాక, గోతి పక్కన గడ్డి మీదే పెళ్లి జరిగింది. అక్క నీలం గౌను వేసుకుంది. హార్లన్ కోటు కింద నడుం పట్టీ కట్టుకుని, బ్రహ్మాండంగా నిటారుగా నిలబడ్డాడు. పాస్టర్ కాంట్రెల్ గారు ప్రార్థనలో ఈ ఇద్దరి కోసం, పోయిన డోర్కస్ కోసం కృతజ్ఞత చెప్పారు. ఒక్క క్షణం ఆగి, మేము రాకముందు ఈ గట్టున తిరిగిన నీ ప్రాణుల కోసం కూడా ప్రభువా అన్నారు. ఆమెన్ అన్నవాళ్లలో ఆల్విస్ గొంతు అందరికంటే గట్టిగా వినపడింది. జలప్రళయం మాట మీద అతను ఈరోజుకీ గట్టిగానే ఉన్నాడనుకోండి.

విందులో డాక్టర్ హోల్మ్ పీచ్ పళ్ల కాబ్లర్ అనే తీపి వంటకం రెండోసారి వడ్డించుకుంటుంటే అక్క పట్టుకుంది.

"వచ్చే ఆదివారం నుంచి పెద్దవాళ్ల క్లాసు మళ్లీ నా చేతికొస్తోంది. నేనూ హార్లనూ కలిసి చెప్తాం. నువ్వూ రా."

"నేను నమ్మను కదా ఓపల్."

"ఆ గదిలో ప్రతివాడూ ఏదో ఒకటి నమ్మడు. నీకోసం కుర్చీ ఉంచుతాను."

అంతలో ఆల్విస్ బాంజో తీసి వాయించడం మొదలెట్టాడు. మా బాప్టిస్టులు డాన్సు చెయ్యరు. ఎవరూ చెయ్యలేదు కూడా. కానీ పాస్టర్ గారి బూటు బల్ల కింద తాళం వేస్తూనే ఉంది, హార్లన్ అక్క చెయ్యి పట్టుకుని గడ్డి మీద ఇటూ అటూ నడుస్తున్నాడు. ఆ నడక పాటకి సరిగ్గా సరిపోయిందంటే అది వాళ్ల తప్పు కాదు.