ముట్టని కాఫీ

గ్రీసు సరిహద్దున ఇదొమేని శరణార్థి శిబిరంలో, డేరాలన్నీ రైలు పట్టాల వెంట పరుచుకున్న చోట, గోధుమ చేను గట్టును ఆనుకుని ఫవాజ్ మాస్టారు ఒక రొట్టెల పొయ్యి కట్టాడు. బంకమట్టిలో ఎండుగడ్డి కలిపి తొక్కి, మూడు రోజులు ఆరబెట్టాడు. సిరియాలోని దైర్ అజ్జోర్‌లో ఇరవై ఆరేళ్ళు పిల్లలకు భూగోళం చెప్పిన మనిషికి పొయ్యి కట్టడం ఎక్కడ వచ్చు? పోయిన భార్య పెరట్లో కడుతుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు, అంతే. కబుర్లు మర్చిపోయాడు గానీ ఆమె చేతులు కదిలిన తీరు గుర్తుండిపోయింది.

సరిహద్దు గేటు మూసి రెండు నెలలైంది. పొయ్యి వచ్చాక ఆ వరసలోని పదకొండు డేరాలకు పొద్దున్నే రొట్టె కోసం లైన్లో నిలబడే పని తప్పింది. పక్క డేరా నవాల్ పిండి పిసికేది. మాస్టారు మంట చూసుకునేవాడు.

“మాస్టారూ, మీ రొట్టె మళ్ళీ ఆఫ్రికా ఖండంలా వచ్చింది.”

“నయమే. నిన్నటిది ఏ ఖండమో నాకే తెలియలేదు.”

ఆ ఉదయం చేను యజమాని లాజరోస్ వచ్చాడు. ఎనభై దాటిన రైతు. పొయ్యి ముందు నిలబడి చేతికర్రతో దాన్ని రెండుసార్లు తట్టాడు. మాస్టారు చేతిలోని పుల్ల పక్కన పెట్టి లేచాడు. సగం పొయ్యి ఆయన గట్టు మీదే ఉంది మరి.

అయినా వచ్చినవాడు అతిథి. దుప్పటి పరిచి కూర్చోబెట్టి, డబ్బాలో మిగిలిన ఆఖరి కాఫీ పొడిని ఏలకులు వేసి మరిగించి, గ్లాసు నిండా పోసి ముందు పెట్టాడు. లాజరోస్ చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. గ్లాసు ముట్టలేదు.

మాస్టారూ నవాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ వైపు అతిథి కాఫీ ముట్టలేదంటే ఏదో అడగడానికి వచ్చాడన్నమాట. ఇస్తానని ఇంటాయన మాటిచ్చేదాకా చుక్క తాగడు. తాగకుండా లేచిపోతే ఆ ఇంటికి అంతకన్నా తలవంపు లేదు.

“పొయ్యి తీసెయ్యమనడానికే వచ్చాడు,” నవాల్ గొణిగింది. “మీరు నోరు మెదపకండి. ఇది డేరా. ఇల్లు కాదు.”

“కాఫీ పెట్టాం కదమ్మా. పెట్టాక ఇల్లే.”

“అయితే రేపట్నుంచి పదకొండు డేరాలకీ మీరే లైన్లో నిలబడండి.”

“నిలబడతాలే.”

కాఫీ మీద ఆవిరి తగ్గిపోతోంది. మాస్టారు పొయ్యి వైపు చూశాడు. అంచు చుట్టూ తన బొటనవేలి గుర్తులు. వాటి మీంచి చూపు తిప్పుకుని, “తాగమని చెప్పమ్మా. ఏం అడిగినా ఇచ్చినట్టే అని చెప్పు,” అన్నాడు.

నవాల్‌ది అలెప్పో దగ్గర, తుర్కీ భాష మాట్లాడే తుర్క్‌మెన్ల పల్లె. లాజరోస్ తల్లి ఒకప్పుడు తుర్కీ దేశపు అనతోలియా నుంచి కట్టుబట్టలతో వచ్చిన మనిషి. అందుకని ఇద్దరికీ తుర్కీ మాట కలుస్తుంది. నవాల్ అయిష్టంగానే ఆ మాట చెప్పింది.

“నేనేం అడిగాను తల్లీ?” అన్నాడు ముసలాయన.

“మరి కాఫీ తాగరేం?”

ఆయన కుడిచెయ్యి పైకెత్తాడు. వేళ్ళు ఎండుటాకుల్లా వణుకుతున్నాయి. “నిండు గ్లాసు. ఉతికిన దుప్పటి. మీరు కాస్త అటు తిరిగితే రెండు చేతులా పట్టుకుందామని చూస్తున్నా. మీరేమో కళ్ళార్పరాయె.”

నవాల్ పడీ పడీ నవ్వింది. మాస్టారికి అరబ్బీలో చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

“పొయ్యిని కర్రతో ఎందుకు తట్టారో అడుగు,” అన్నాడతను, ఇంకా నమ్మకం చాలక.

“మా అమ్మ అలాగే తట్టేది. కంగుమంటే ఆరినట్టు. మీది ఇంకా లోపల తడిగా ఉంది. అందుకే రొట్టె పొయ్యి లోపలి గోడకి అంటుకోక జారి వంకరపోతోంది.” లాజరోస్ చేతికర్ర పక్కన పెట్టాడు. “ఇచ్చినట్టే అన్నారు కదా, అయితే ఇప్పుడు అడుగుతున్నా. రోజూ పొద్దున నాకో రొట్టె. పుల్లలు నేను తెస్తాను. ద్రాక్షతోటలో కత్తిరించినవి బోలెడున్నాయి.”

“వంకరదైనా ఫర్వాలేదా అని అడుగు,” అన్నాడు మాస్టారు. ఆ మాట అంటూనే గ్లాసు అందుకుని, సగం కాఫీ తన గ్లాసులోకి వంపుకుని, మిగిలిన సగం ముసలాయన చేతిలో పెట్టాడు.