ఎలీసబెతు మోకాళ్లు

చదివేవాళ్లు మన్నించాలి. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు తప్పుతాయి, ఒక్కో మాటకు చాలాసేపు పడుతుంది. ఇది ఖానాపూర్‌లో మా వాడకట్టు ఎలీసబెతు సంగతి.

ఆమె రొమ్ముకు ఆపరేషన్ అయ్యాక, క్యాన్సర్ మళ్లీ రాకుండా రోజూ ఒక గోళీ వేసుకోమన్నారు. ఆ గోళీతో కీళ్లన్నీ పట్టేశాయి. పొద్దున పిడికిలి మూయాలంటే కన్నీళ్లొచ్చేవి. ఎలీసబెతు దిగులు మాత్రం మోకాళ్ల గురించే. మా చర్చిలో నెలకోసారి, బల్ల ఆదివారం నాడు, ప్రభువు బల్ల ముందున్న చెక్క కమ్మీ దగ్గర మోకరించి ప్రభువు రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. పెళ్లయిన నాటి నుంచీ ఆమె, భర్త సాల్మన్ పక్కపక్కనే మోకరించేవారు. అతను పోయాక కూడా, అక్కడ మోకరించి కళ్లు మూసుకుంటే అతని ఊపిరి వినిపించేదట. ఇప్పుడు వెనక బెంచీ మీదే కూర్చుంటోంది.

కరీంనగర్‌లో డాక్టరమ్మ మధులిక రక్తం చూసి, డి విటమిన్ బాగా తక్కువుందని వారానికొక గోళీ రాసిచ్చింది. మరిచిపోకుండా ఎలీసబెతు దానికి ఆదివారం పెట్టుకుంది. నెలలు గడిచినా గుణం కనిపించలేదు.

"గా క్యాన్సర్ గోళీ బంద్ పెడ్త," అంది కోడలు మమతారాణితో.

"పెట్టు పెట్టు. మామను చూసుటానికి గంత తొందరైతే సీదా పైకే పో," అంది మమతారాణి. తర్వాత తనే కళ్లు తుడుచుకుని అత్తను కరీంనగర్ బస్సెక్కించింది.

మళ్లీ పరీక్ష చేస్తే డి పెద్దగా పెరగలేదు.

"డి గోళీ దేంతోని వేసుకుంటున్నవ్ పెద్దమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఉత్త నీళ్లతోని. ఆదివారం చర్చి అయ్యేదాంక ఏం తిననుగద బిడ్డా."

డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది. "పరగడుపున వేస్తే ఒంటికి సరిగ పట్టదు. నెయ్యో పాలో ఉన్న తిండి తిన్నంక వేసుకో. నొప్పి తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు, ఖాయంగ చెప్పలేను. క్యాన్సర్ గోళీ మాత్రం నన్ను అడగకుండ ఆపకు."

విటమిన్ గోళీ శనివారానికి మారింది, అన్నం తిన్నాక. కొన్నాళ్లకు పిడికిలి మూసుకుంది. అది చాలనుకుని, వచ్చిన బల్ల ఆదివారం ఎలీసబెతు కమ్మీ దాకా నడిచింది. మోకాళ్లు సగం వంగి ఆగిపోయాయి.

"నిలవడే తీస్కో అవ్వా," అన్నాడు పాస్టర్ జేమ్స్ మెల్లగా.

తీసుకుంది. కళ్లు మూసుకుంది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. పక్కన సాల్మన్ మోకరించే చోట ఉన్న ఖాళీ వైపు తల వంచింది.

"జర ఆగయ్యా," అంది. "మోకాళ్లు ఇంకా వంగుతలేవు. గోళీలైతే వేసుకుంటనే ఉన్న."

— క్యాథరిన్, డెబ్బై ఒక్కేళ్లు, ఇప్పుడుండేది చెన్నూరు