భుజాల మీది కట్టె

పొట్టేలు తల విదిలించి పక్కకు దూకింది. ఐలేశం దాని వెనకకాలు అందుకొని ఒక్క గుంజు గుంజి, కింద పడేసి, డొక్కకు మోకాలు ఆనించి అదిమిపెట్టాడు. వాడి తండ్రి గుర్వయ్య కత్తెరతో వచ్చి నల్ల ఉన్ని కత్తిరించడం మొదలుపెట్టాడు. తల్లి సుక్కమ్మ రాలిన ఉన్నిని ఏరి గోనెసంచిలో కుక్కుతోంది. ఎండ నడినెత్తి మీదికొచ్చినా పటేలు దొడ్డిలో ఇంకా సగం మంద బొచ్చుతోనే ఉంది. తెల్లవారకముందు తాగిన అంబలి ఎప్పుడో అరిగిపోయింది. ఉన్ని నూగు ముక్కుల్లోకి పోయి, మాట్లాడితే దగ్గు వస్తోంది.

సుక్కమ్మకు మాత్రం దగ్గు కంటే కోపమే ఎక్కువగా వస్తోంది. దానికి కారణం పొద్దున జరిగిన కొలత.

ఆ ఊళ్లో కూలివాళ్ల పిల్లలు పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. అందుకని చిన్నవాళ్లెవరో పెద్దవాళ్లెవరో తేల్చడానికి పటేలు తాతల నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. ఇద్దరు మగవాళ్లను ఎదురెదురుగా నిలబెట్టి, వాళ్ల భుజాల మీద గొర్రెల కాపరి కట్టెను అడ్డంగా పెడతారు. దాని కింద నుంచి తల వంచకుండా, కట్టె తగలకుండా నడిచిపోతే చిన్నవాడు. తగిలితే పెద్దవాడు. కూలికైనా అదే కొలత, బీరప్ప పండుగనాడు ఆడే చెడుగుడుకైనా అదే కొలత. పొద్దున పటేలు తన జీతగాళ్లలో తాడిచెట్ల లాంటి ఇద్దరిని ఏరి నిలబెట్టాడు. ఐలేశం కట్టె కింద నుంచి హాయిగా నడిచిపోయాడు. గొర్రెలు పట్టే పెద్దవాళ్లకు రోజుకు రెండు సేర్ల జొన్నలు, వాడికి ఒక్క సేరు. పొద్దటి నుంచి పెద్దవాళ్ల కంటే ఎక్కువ గొర్రెలను పట్టింది వాడే.

నిజానికి వాడు చిన్నవాడే. ఆ సంగతి సుక్కమ్మకు ఏ కట్టా చెప్పనక్కర్లేదు. రజాకార్లకు భయపడి ఊరు ఊరంతా గుట్టల్లో దాక్కున్న వానకాలంలో, రెండు బండరాళ్ల మధ్య, ఏడిస్తే ఎక్కడ వినబడుతుందోనని తన కొంగు తనే నోట్లో కుక్కుకొని వాణ్ని కన్నది. పదమూడేళ్లు ఇంకా నిండలేదు. చిన్నవాడికి చిన్న కూలి అంటే ఆమె సరే అనుకునేదేమో. చేయించుకునేది మాత్రం పెద్దవాడి పని.

పొద్దు వాలాక పటేలు దొడ్డికి వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. అప్పుడే ఒక కొమ్ముల పొట్టేలు గోడ దూకబోతే, ఐలేశం గాలిలో ఉన్నదాని కాలు పట్టుకొని కిందికి లాగాడు. పటేలు నోట్లోని చుట్ట తీశాడు. నిరుడు పండుగకు పక్క ఊరి దొర జట్టు చేతిలో ఈయన జట్టు ఓడిపోయింది. పట్టు పట్టే భిక్షం మోకాలు విరిగి పడిపోయాక ఆట మొత్తం కూలిపోయింది. ఆ అవమానం పటేలుకు ఏడాదిగా మింగుడుపడలేదు.

"గుర్వయ్యా, ఈసారి నీ కొడుకు పెద్ద జట్టుల ఆడుతడు," అన్నాడు.

అడగడం కాదు, చెప్పడం. గుర్వయ్య కత్తెర కింద పెట్టి, "నీ దయ పటేలా," అని చేతులు జోడించాడు. ఐలేశం ముఖం వెలిగిపోయింది. సుక్కమ్మ ఉన్ని ఏరడం ఆపింది. పొద్దున చిన్నవాడైన పిల్లగాడు పొద్దుగూకేసరికి ఎట్లా పెద్దవాడయ్యాడో ఆ దొడ్డిలో ఎవరూ అడగలేదు.

ఆమె భయం ఒక్క మోకాలి గురించే కాదు. బడిపంతులు దశరథం సారు నెల కింద ఇంటికొచ్చి ఒక మాట చెప్పి వెళ్లాడు. ఎండలు తగ్గాక నల్లగొండలో పిల్లల జట్లకు పోటీలు పెడుతున్నారు. అక్కడ బాగా ఆడినవాళ్లను సర్కారు హాస్టలులో చేర్చుకుంటారు. రెండు పూటలా అన్నం, చదువు, వేసుకోను బట్టలు. మన ఊరి చిన్న జట్టుకు ఐలేశమే పెద్ద దిక్కు, వాడికి తప్పకుండా సీటు వస్తుందన్నాడు. కాకపోతే ఒక షరతు ఉంది. ఒక్కసారి పెద్దవాళ్ల జట్టులో ఆడినవాణ్ని మళ్లీ పిల్లల్లో ఆడనియ్యరు.

పటేలు ఆ మాట అన్న రాత్రే సుక్కమ్మ సారు ఇంటికి పోయి, ఈ సంగతి పటేలుకు జర చెప్పమని బతిమాలింది. సారు చేతిలోని విసనకర్ర తిప్పుతూ విన్నాడు. బడి నడిచేది పటేలు కొట్టంలో. సారు ఉండేది పటేలు ఇంట్లో, కిరాయి కూడా లేకుండా. చెప్పి చూస్తానన్నాడు. చెప్పడని ఆ గొంతులోనే తెలిసిపోయింది. చదువుకున్నవాడికి నోరు పెగలకపోతే చదువు లేని గుర్వయ్యను అని ఏం లాభమని సుక్కమ్మ తిరుగుదారిలో అనుకుంది. కానీ ఇంటికి రాగానే గుర్వయ్యనే అన్నది.

"ఆయన మంద కాస్తున్నం గన్క బతుకుతున్నం," అన్నాడు గుర్వయ్య గొంగడి మీద పడుకొని, ఇటు తిరగకుండానే. "రేపు మందకు రావొద్దంటే ఏం దిందాం? ఒక్కనాటి ఆటనే గదనే."

"మంద ఆయనది. పిల్లగాడు మనోడు."

గుర్వయ్య చెయ్యి చాపి దీపం ఆర్పేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. పటేలు గడపలో వంగీ వంగీ ఆ వంగుడే ఒంటికి అలవాటైపోయిన మనిషి.

అసలు చిక్కు ఐలేశంతో వచ్చింది. పెద్ద జట్టు వాళ్లకు పటేలు కొత్త బనియన్లు తెప్పిస్తున్నాడట. వాడు ఆ మాటే కలవరిస్తున్నాడు. హాస్టలు వాడు చూడనిది, బనియను రేపో మాపో ఒంటి మీదికి వచ్చేది. సుక్కమ్మ ఎంత చెప్పినా తలకెక్కించుకోలేదు. నీకు నేను పెద్దోణ్ణి కావడం ఇష్టం లేదని తల్లి మీద ఎగిరాడు. ఆమె వాణ్ని తిట్టలేదు. చెయ్యి పట్టుకొని భిక్షం ఇంటికి తీసుకుపోయింది.

భిక్షానికి ఇరవై రెండేళ్లు. వాకిట్లో కూర్చొని ఈతాకు చాపలు అల్లుతున్నాడు. ఆ పని ఇదివరకు వాడిని కన్న అవ్వ చేసేది. ఐలేశాన్ని చూడగానే భిక్షానికి అంతా అర్థమైంది. పంచె పైకి లాగి మోకాలు చూపించాడు. ఎముక పక్కకు జరిగి అక్కడే అతుక్కుంది.

"నేను పడ్డంక పటేలు ఉరికొచ్చిండు తమ్మీ. నా కోసమే అనుకున్న. పాయింటు మనకొచ్చిందా అని అడిగిండు. రాలేదంటే అటే పోయిండు. దవాఖానకు మా అవ్వ మోస్కపోయింది."

అంతే చెప్పి మళ్లీ చాప అల్లుకున్నాడు. తిరుగుదారిలో ఐలేశం తల్లి కంటే ముందు నడిచాడు. ఆ తర్వాత బనియను మాట ఎత్తలేదు, ఆడననీ అనలేదు. వాడి మనసులో ఏముందో సుక్కమ్మకు అంతుపట్టలేదు.

పండుగ రెండోనాడు ఊరి బయట బయలులో జనం నిండారు. పక్క ఊరి దొర జీపులో వచ్చాడు. మన పటేలు ఆయన పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. ఇద్దరూ నవ్వుకుంటూ పాన్లు నముల్తున్నారు. గీతకు అవతల దొర మనుషులు, కండలు తిరిగిన మగవాళ్లు, తొడలు చరుచుకుంటున్నారు. వాళ్ల ఎదుట, కొత్త బనియనులో ఐలేశం గుంజకు కట్టేసిన మేకపిల్లలాగా కనబడ్డాడు.

దొరకు అనుమానం వచ్చినట్టుంది, ఇంత చిన్నోడేందని అడిగాడు. పటేలు కొలిచి చూపిస్తానన్నాడు. ఇద్దరిని పిలిచాడు. దొడ్డిలో నిలబడ్డ ఆ తాడిచెట్లు కారు. ఈసారి వచ్చిన ఇద్దరూ సుక్కమ్మ కంటే పొట్టి. వాళ్ల భుజాల మీద కట్టె పెట్టారు. ఐలేశం నడిచాడు. కట్టె వాడి నుదుటికి ఠక్కున తగిలింది.

"పెద్దోడే," అన్నాడు పటేలు. జనం కూడా పెద్దోడే, పెద్దోడే అన్నారు. దశరథం సారు జనంలోనే ఉన్నాడు. ఆ మాట వాళ్లతో కలిసి అనలేదు, అంతవరకే ఆయన ధైర్యం.

చెడుగుడు బరిలోకి ఆడవాళ్లు రాకూడదు. సుక్కమ్మకు ఆ సంగతి తెలుసు. పటేలు ఎదుట ఎప్పుడూ చేసేటట్టు ఆమె ఆ రోజు చెప్పులు విప్పి చేత పట్టుకోలేదు, కొంగు నెత్తి మీదికి లాక్కోలేదు. నడిచి వచ్చి గీత మీద నిలబడింది.

"పటేలా, నా కొడుకు పెద్దోడైతే మొన్నటి ఉన్ని పనికి ఇంకో సేరు కొలిపియ్యి. చిన్నోడైతే చిన్నోళ్లల్ల ఆడుతడు. కూలికి చిన్నోడు, కాళ్లు విరగ్గొట్టుకోను పెద్దోడా? రెండిట్ల ఒకటి చెప్పు."

దొర కిందికి చూసి మీసంలో నవ్వుకున్నాడు. ఆ నవ్వు పటేలుకు కొరడాదెబ్బలా తగిలింది. సేరు జొన్నలు ఆయన గరిసెలో ఎలుకలు తినేటన్ని కూడా కావు. కానీ పదిమందిలో ఒక గొర్లకాపరి పెండ్లానికి కొలిచి ఇస్తే ఇక ఆయన పటేలు ఎట్లా అవుతాడు?

"గుర్వయ్యా, నీ పెండ్లాన్ని అవతలికి గుంజుకపో. లేకుంటే రేపటి సంది మందకు రాకు."

గుర్వయ్య లేచాడు. రెండడుగులు వేశాడు. భార్య ముఖం చూశాడు, కొడుకు నుదుటి మీద ఎర్రగా కమిలిన గీత చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయన కాళ్లు పటేలు మాట వినలేదు. అక్కడే నిలబడిపోయాడు.

"ఐలేశం, గీత మీదికి రారా," పటేలు అరిచాడు.

ఐలేశం పెద్ద జట్టు వైపు చూశాడు. తర్వాత కొత్త బనియను తల మీది నుంచి తీసి, మడత పెట్టి, పటేలు కుర్చీ ముందు నేల మీద పెట్టాడు. పక్కటెముకలు కనబడుతున్న ఒంటితో నడిచిపోయి చిన్న పిల్లల వరుసలో కూర్చున్నాడు. పిల్లలు జరిగి వాడికి జాగా ఇచ్చారు.

ఆట పెట్టించేవాడు ఈల ఊదాడు. అవతలి జట్టు గీత దాకా వచ్చి ఆగింది. సుక్కమ్మ గీత మీద నుంచి కదల్లేదు. రేపు మంద లేదు, జొన్నలు లేవు, అది ఆమెకు తెలుసు. అయినా అక్కడే, ఆ గీత మీదనే కూర్చుంది. మళ్లీ ఈల వేసినా లేవలేదు.