రెండు స్కానర్లు, ఒక నెగటివ్

నాన్న ముప్పై ఏళ్లు ఫొటో స్టూడియోలో నెగటివ్‌లు దిద్దాడు. నెగటివ్‌లో మచ్చ పాలిపోయి కనిపిస్తుంది. దాన్ని సన్నని పెన్సిల్ గీతలతో నింపితే ప్రింటులో చర్మంతో కలిసిపోతుంది. ఊళ్లో వాళ్ల మొటిమలన్నీ అలాగే మాయం చేశాడు. పెళ్లయ్యాక అమ్మనీ వదల్లేదు.

నాకు మూడేళ్లప్పుడు అమ్మ పోయింది. నాకు తెలిసిన అమ్మంతా ఫొటోలే. వాటిలో ఆమె ముఖం కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంటుంది. చెంప మీద కాలిన మచ్చ ఉండేదని మొన్న పెద్దమ్మ నోరు జారింది. నాన్ననడిగితే, "ఏదో ఉండేదిలే," అని పేపర్లో తల దూర్చాడు. నాకు ఒళ్లు మండింది. డబ్బా నిండా నెగటివ్‌లు, స్లైడ్‌లు పెట్టుకుని, కన్నతల్లి ముఖాన్ని నేను ఊహించుకోవాలా? స్కానర్ కొనాల్సిందేనని పట్టుబట్టి, ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరాను.

దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకటి బల్లపరుపుగా ఉంది, ఒకేసారి పన్నెండు స్లైడ్‌లు పెట్టొచ్చు. రెండోది ఫిల్ముకి మాత్రమే పనికొస్తుంది. ఒక్కొక్కటే మింగి, నలుసుని కూడా వదలకుండా చదివి, తాపీగా కక్కుతుంది. అమ్మ నెగటివ్ ఒకటిచ్చి, రెండింట్లోనూ పెట్టి చూపమన్నాను.

మొదటిదాంట్లో నేనెరిగిన నున్నటి ముఖమే వచ్చింది. రెండోదాంట్లో ఎడమ చెంప మీద చీమకాళ్లంత గీతలు, ఒకదాని మీద ఒకటి.

"నెగటివ్ గీసుకుపోయింది మేడం," అన్నాడు దుకాణదారు. "మొదటిదే తీసుకోండి. ఇవేవీ కనబడవు."

"గీసుకుపోలేదు బాబూ, నేను గీశాను," అన్నాడు నాన్న, బాగా నొచ్చుకుని.

"పెన్సిలా? అయితే మందు పెట్టి తుడిస్తే పోతుంది సార్. కానీ మళ్లీ రాదు."

ఈ వయసులో నాన్నకి పెన్సిల్ పట్టు నిలవదు. పోయిన గీతని మళ్లీ గీయలేడు. వద్దంటాడేమోనని నేను ఆయన వైపు చూడలేదు.

"తుడిచెయ్యి," అన్నాడు నాన్నే. నా వైపు తిరిగి అన్నాడు, "మీ అమ్మ ప్రతిసారీ అడిగేది తల్లీ. ఒక్క ఫొటోలో అయినా నన్ను నన్నుగా ఉంచండి అని. నేను నవ్వేసేవాణ్ణి."

దుకాణదారు దూదితో తుడిచి, మళ్లీ రెండో స్కానర్‌లో పెట్టాడు. ఈసారి తెర మీద అమ్మ ముఖం మొత్తం వచ్చింది. మచ్చ ఉంది. చొక్కా గుండీలో సగం కూడా ఉండదు. దానితో ఆమె ఒక మనిషిలా, రోజూ ఎదురుపడే మనిషిలా కనబడింది. నాకు ఏడుపొచ్చింది.

"ఈ మెషీనే ఇవ్వండి," అన్నాను.

నాన్న తెరకి బాగా దగ్గరగా వంగాడు. స్టూడియోలో ఆయన భూతద్దం కింద ఎప్పుడూ ఆ చెంప ముక్క ఒక్కటే పెద్దదై కనిపించేది.

"ఇంతేనా?" అన్నాడు. "ఇంత చిన్నదా?"

"పెద్దది చేసి చూపించనా సార్?" అడిగాడు దుకాణదారు.

"వద్దు బాబూ," అన్నాడు నాన్న. "ఇలాగే ఉండనీ."